‘బేగి... బేగి’ వినిపించని పొద్దు

ఉదయం ఏడుంబావు. విజయనగరంలో ఓ మధ్యతరగతి ఇల్లు.

‘‘ఒరే, ఇంకా సాక్సే వెతుకుతున్నావా? బేగి రారా!’’ వంటింట్లోంచి అమ్మ కేక.

‘‘అమ్మా, నా సోషల్ నోట్సు ఎవరు తీశారు?’’ మంచం కింద తల దూర్చి అమ్మాయి ప్రశ్న.

‘‘ఏమే, బండి తాళం ఎక్కడ పెట్టావు?’’ నాన్నగారి విచారణ.

ఈలోగా పాలు పొంగాయి. కుళాయి వచ్చింది. సందు చివర బస్సు హారన్ మోగింది. రెండో జడకు రిబ్బను సగంలో ఉండగానే పిల్ల పరుగందుకుంది. కంచంలో రెండు ఇడ్లీలు అలాగే ఉండిపోయాయి. బస్సు కదిలాక ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. అప్పుడు కనిపించింది అమ్మకు... వంటగట్టు మీద మరిచిపోయిన క్యారేజీ!

ఉత్తరాంధ్రలో ‘బేగి’ అంటే త్వరగా అని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు నిద్ర లేచింది మొదలు బడికి బయల్దేరేదాకా ఎక్కువసార్లు వినే మాట బహుశా ఇదే. బేగి లెగు. బేగి తోముకో. బేగి తిను. ఎన్నిసార్లు అన్నా పనులు మాత్రం బేగి అవవు. ఎందుకంటే ఆ మాటలో తొందర ఉంది గానీ, తర్వాత ఏం చేయాలో లేదు. అది తెలిసింది అమ్మ ఒక్కదానికే. పెద్దాడికి ఈ రోజు పీటీ ఉంది, తెల్లబూట్లు కావాలి. చిన్నదానికి డ్రాయింగ్ పుస్తకం. డైరీలో సంతకం. ఫీజు కట్టే ఆఖరు తేదీ. నీళ్లసీసా మూత. అన్నీ ఆమె బుర్రలోనే ఉంటాయి. మిగతావాళ్లంతా ఆమెను అడిగి తెలుసుకోవాల్సిందే. ఒక్క మనిషి, రెండు పొయ్యిలు, ముగ్గురి ప్రశ్నలు. కేకలు పుట్టకేం చేస్తాయి?

దీనికి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. ‘ఇంకో అరగంట ముందు లేస్తే సరి’ అని. ఆవిడ ఇప్పటికే అయిదింటికి లేస్తోందన్న సంగతి ఆ సలహా ఇచ్చేవాళ్లకు గుర్తుండదు. కావాల్సింది ఇంకో అరగంట కాదు. ఆ బుర్రలో ఉన్నవాటిని బయటకు తీయాలి. కొన్నింటిని రాత్రికి, కొన్నింటిని గోడకు, కొన్నింటిని పిల్లల చేతులకు అప్పగించాలి.

ఆకలితో మొదటి పీరియడ్

ఇది ఇల్లాలికి కాస్త ఊపిరి పీల్చుకునే వీలు కోసమే అయినా తప్పేం లేదు. కానీ కంచంలో మిగిలిన ఆ రెండు ఇడ్లీల సంగతి కూడా ఆలోచించాలి. సర్కారు బళ్లలో మధ్యాహ్న భోజనం మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2023 మార్చిలో దానికి రాగిజావ కూడా తోడైంది. మరి ప్రైవేటు బడికి వెళ్లే పిల్లకు? క్యారేజీ మూత తీసేదాకా ఇంట్లో తిన్నదే ఆధారం. ఏడున్నరకు బస్సెక్కిన పిల్ల సగం ఇడ్లీతో వెళితే మధ్యాహ్నం దాకా ఆ సగంతోనే లెక్కలు చేయాలి. క్యారేజీ కూడా మరిచిపోయిందంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఇటు ఇంట్లో ఇంకో ఆకలి ఉంది. పిల్లలు మిగిల్చింది తిని, చల్లారిన టీ తాగి పనికి వెళ్లే తల్లులు ఈ రెండు జిల్లాల్లో ఎంతమందో! పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే తల్లి కావచ్చు, పైడిభీమవరం కంపెనీలో షిఫ్టు డ్యూటీ అందుకునే తల్లి కావచ్చు, ఏజెన్సీ బడికి రెండు బస్సులు మారి వెళ్లే టీచరమ్మ కావచ్చు. పొద్దుటి రభసలో అందరికంటే ముందు పస్తుండేది ఆవిడే.

సూర్యుడు ముందొచ్చే ఊళ్లు

అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి కొలువైన జిల్లాకు ప్రకృతి ఒక వరం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పొద్దు ముందుగా పొడిచేది శ్రీకాకుళం జిల్లాలోనే. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు ఆ రేఖకు తూర్పున ఉన్నాయి. హైదరాబాదు చాలా పడమర. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా చొప్పున లెక్కేస్తే హైదరాబాదు కంటే శ్రీకాకుళంలో సూర్యుడు దాదాపు 20 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. జూన్‌లో బళ్లు తెరిచేనాటికి అయిదున్నర కాకముందే వెలుతురు ఇంట్లోకి వచ్చేస్తుంది. అలారంతో పన్లేదు. పిల్లలు పడుకునే గది కిటికీకి తూర్పు వెలుతురు తగిలేలా ఉంటే, రాత్రి ఆ తెర కాస్త తీసి ఉంచితే చాలు. దుప్పటి లాగి లేపే పని సగం సూర్యుడే చేసిపెడతాడు.

అయితే పొద్దు ముందు పొడిచినచోట ముందే గుంకుతుంది కూడా. డిసెంబరులో అయిదున్నరకే చీకటి. పాతకాలంలో ఇక్కడి పల్లెల్లో అందుకే దీపాలు పెట్టగానే అన్నాలు, ఆ వెంటనే పడకలు. ఇప్పుడేమైంది? సూర్యుడు శ్రీకాకుళం టైము ప్రకారం వస్తున్నాడు. టీవీ సీరియల్ మాత్రం హైదరాబాదు టైము ప్రకారం వస్తోంది! తొమ్మిదిన్నర సీరియల్ అయ్యాక అన్నాలు, పది దాటాక పడకలు. ఆ తర్వాత దుప్పట్లో సెల్‌ఫోను. తెల్లారి ‘బేగి లెగు’ అంటే ఎలా లేస్తారు?

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. ఆరింటికి లేవాల్సిన అయిదో తరగతి పిల్లాడు తొమ్మిదింటికల్లా నిద్రపోయి ఉండాలన్నమాట. పడుకోవడం కాదు, నిద్రపోవడం. ఎనిమిదిన్నరకే పక్క వేస్తే తప్ప ఇది కుదరదు. కష్టమే. పెద్దవాళ్లు టీవీ ముందు కూర్చుని పిల్లల్ని మాత్రం పడుకోమంటే అసలు కుదరదు. ఇంట్లో ఏ మార్పు చేయాలన్నా ముందు చేయాల్సింది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

రాత్రి పదిహేను నిమిషాలు

అన్నాలయ్యాక, పక్కలెక్కే ముందు ఒక్క పదిహేను నిమిషాలు. టైంటేబులు చూసి పుస్తకాలు సర్దుకోవాలి. సర్దాల్సింది అమ్మ కాదు, పిల్లలే. మూడో తరగతి నుంచి ఎవరి సంచీ వాళ్లు సర్దుకోగలరు. మొదట్లో రెండు పుస్తకాలు తప్పుతాయి, అంతే. దీనివల్ల ఇంకో లాభం ఉంది. టైంటేబులు చూడని పిల్లలు ఎందుకైనా మంచిదని ఉన్న పుస్తకాలన్నీ మోసుకుపోతారు. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచీ కిలోన్నర, మూడు నుంచి అయిదు వరకు రెండు మూడు కిలోలు, పదో తరగతికైనా అయిదు కిలోలు మించకూడదని కేంద్రం 2018లో రాష్ట్రాలకు రాసింది. ఇంట్లో కాటా ఉంటే ఓసారి తూచి చూడండి. ఆశ్చర్యపోతారు.

డైరీలో సంతకాలు, డబ్బులు అడిగే కాగితాలు, ‘రేపు చార్టు తెమ్మన్నారు’ లాంటి కబుర్లు అన్నీ ఈ పదిహేను నిమిషాల్లోనే బయటపడాలి. చార్టు సంగతి రాత్రి ఏడింటికి తెలిస్తే కొట్టు తెరిచే ఉంటుంది. పొద్దున్న ఏడింటికి తెలిస్తే ఏడుపొక్కటే మిగులుతుంది.

యూనిఫాం, లోదుస్తులు, సాక్సు, బెల్టు, రిబ్బన్లు అన్నీ ఒక్కచోట, ఒకే కుర్చీ మీద పెట్టుకోవాలి. ఇస్త్రీ ఆదివారమే వారానికి సరిపడా అయిపోతే మరీ మంచిది. ఆడపిల్లలకు రాత్రే తల దువ్వి వదులుగా జడ వేసి పడుకోబెడితే పొద్దున్న చిక్కు తీసే పని ఉండదు. చిక్కు తీసేటప్పుడు వచ్చే కన్నీళ్లూ ఉండవు. ఇంట్లో మామ్మ ఉంటే జడల పని ఆవిడకే అప్పగించాలి. ఆవిడ చేతిలో పిల్ల కదలకుండా కూర్చుంటుంది. అమ్మ చేతిలో కూర్చోదు. ఎందుకో మరి!

ఉద్దానం పల్లెల్లో, భోగాపురం, ఎచ్చెర్ల వైపు తీరంలో చాలా ఇళ్లలో తండ్రి ఊళ్లో ఉండడు. చెన్నైలోనో హైదరాబాదులోనో పనికి ఉంటాడు. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. పొద్దుటి బరువంతా తల్లి మీదే. అయినా అలాంటి ఇంట్లో కూడా తండ్రికి ఓ పని ఇవ్వొచ్చు. రాత్రి ఫోన్ చేసినప్పుడు ‘అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా’ అని అడిగే బదులు ‘రేపు ఏమేం పీరియడ్లున్నాయిరా?’ అని అడిగితే సరి. పిల్లాడు టైంటేబులు ముందు పెట్టుకుని చదువుతూ ఉంటాడు, ఒక్కో పుస్తకం సంచీలోకి వెళుతూ ఉంటుంది. అయిదు నిమిషాల్లో సంచీ తయారు. వందల మైళ్ల అవతల ఉన్న మనిషి కూడా ఆ ఇంటి ఉదయంలో ఓ చెయ్యి వేసినట్టవుతుంది. ‘బాగా చదువుకో’ అన్న మాట కంటే ఆ అయిదు నిమిషాలే పిల్లాడికి బాగా గుర్తుంటాయి. సముద్రం మీద ఉన్నప్పుడు సిగ్నల్ దొరకదు. అప్పుడు ఆ పని పెద్ద పిల్లది.

వీధి తలుపు పక్క చిలక్కొయ్య

పాత పెంకుటిళ్లలో గోడకు చిలక్కొయ్యలుండేవి. గొడుగు, చొక్కా, సంచీ దేని కొయ్య దానిదే. డాబా ఇళ్లొచ్చాక అవి పోయాయి. సోఫాలు వచ్చాయి. ఇంట్లోకి వచ్చినవన్నీ ఆ సోఫా మీద వాలడం మొదలైంది. పొద్దుటి వెతుకులాట సగం అక్కడ పుట్టిందే.

వీధి తలుపు పక్కన, పిల్లల చేతికి అందే ఎత్తులో, మనిషికో కొయ్య కొట్టించండి. కొయ్యలు దొరక్కపోతే మేకులైనా చాలు. పిల్లల సంచీలు, ఐడీ కార్డులు, నాన్న బండి తాళం అక్కడే. కింద బూట్లకు ఓ చెక్కపెట్టె. బడి నుంచి రాగానే సంచీ కొయ్యకు తగిలించి, బూట్లలో సాక్సు కాకుండా, సాక్సు ఉతికే బట్టల్లో, బూట్లు పెట్టెలో వేశాకే టిఫిను. ఈ ఒక్క అలవాటు కుదరడానికి రెండు వారాలు పట్టొచ్చు. పట్టనివ్వండి.

ఆ కొయ్యల పైన గోడకు ఓ కాగితం. సంచీ, క్యారేజీ, నీళ్లసీసా, డైరీ, ఐడీ కార్డు... అయిదారు మాటలు, పిల్లల చేతిరాతతోనే. చదవడం రాని బుడతలకు బొమ్మలు. గుమ్మం దాటే ముందు పైకి చదివి వెళ్లాలి.

కాగితం చూసి చదవడం చిన్నతనం అనుకోనక్కర్లేదు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని డేటన్ దగ్గర బోయింగ్ కంపెనీ కొత్త యుద్ధవిమానం ఒకటి గాల్లోకి లేచిన కాసేపటికే కూలిపోయింది. నడిపింది అనుభవం లేనివాళ్లేం కాదు, ఆరితేరిన పైలట్లే. విమానం నేల మీద ఉన్నప్పుడు తోక భాగం కదలకుండా వేసే లాక్ తీయడం మరిచిపోయారు. అంతే. ఇద్దరు చనిపోయారు. అంత పెద్ద విమానాన్ని జ్ఞాపకం మీద నడపడం మనిషి వల్ల కాదని గ్రహించి, ఎగిరే ముందు చూసుకోవాల్సినవన్నీ కాగితం మీద రాసిపెట్టారు. నేటికీ ఏ విమానమూ అలాంటి జాబితా చూసుకోకుండా కదలదు. పైలట్లకే తప్పనిది నాలుగో తరగతి పిల్లాడికి తప్పుతుందా?

నిలబడి వండే టిఫిన్లు, నిలబడక్కర్లేనివి

టిఫిన్లు రెండు రకాలు. దోసెలు, పూరీలు, చపాతీలు ఒక రకం. వీటికి ఓ మనిషి పొయ్యి దగ్గర కదలకుండా నిలబడాలి. తినేవాళ్లు కూర్చున్నంతసేపూ వండేవాళ్లు కూర్చోలేరు. ఇవి ఆదివారం టిఫిన్లు. ఇడ్లీ, ఆవిరి కుడుము, దిబ్బరొట్టె రెండో రకం. పొయ్యి మీద పెట్టి మూత వేస్తే వాటి మానాన అవి ఉడుకుతాయి. దిబ్బరొట్టె మందపాటి గిన్నెలో సన్నసెగ మీద పావుగంట పైనే పడుతుంది. ఆలోగా ఒకరి స్నానం, ఒకరి జడలు అయిపోతాయి. ఒక్క రొట్టె నలుగురికి ముక్కలు చేయొచ్చు. బడి ఉన్న రోజుల్లో ఈ రెండో రకమే దిక్కు. పిండి ఆదివారం, బుధవారం రుబ్బుకుంటే వారం గడిచిపోతుంది.

వీటికంటే తేలికైనది ఈ జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చోడి అంబలి. మిగతా చోట్ల రాగులనే గింజలు ఇక్కడ చోళ్లు. రాత్రి పిండి నానబెట్టి, పొద్దున్న నూకలతో కాచి, చల్లారాక మజ్జిగ కలిపి గ్లాసుల్లో పోస్తే అయిదు నిమిషాల్లో కడుపు నిండుతుంది. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. ఒకప్పుడు పొలానికి వెళ్లేవాళ్ల తిండి అని పట్నం ఇళ్లు దీన్ని వదిలేశాయి. ఇప్పుడు అదే పిండి సూపర్ బజారులో రంగు డబ్బాలో, పాలపొడి పక్కన కనిపిస్తోంది! పెరుగు కలిపిన చద్దన్నం, పక్కన ఉల్లిపాయ ముక్క కూడా అంతే. రాత్రే సిద్ధం. పిల్లలు ముఖం చిట్లిస్తే వారానికి ఒకటి రెండు రోజులతో మొదలుపెట్టాలి.

ఏం వండినా సరే, అమ్మ కంచం కూడా పిల్లల కంచాల పక్కనే పెట్టాలి. ఏడింటికి అందరూ కూర్చుంటే ఆవిడా కూర్చోవాలి. ఆ పది నిమిషాలు నీళ్లు అందించడం, రెండోసారి వడ్డించడం ఇంటాయన పని. పేపరు పది నిమిషాలు ఆలస్యంగా చదివితే అందులో వార్తలేం మారిపోవు. అమ్మ ఎదురుగా కూర్చుని తింటుంటే పిల్లలూ కంచం వదిలి లేవరు. ఆమె నిలబడి ఉన్నంతసేపూ వాళ్లకు బస్సు వచ్చేస్తున్నట్టే ఉంటుంది.

ముసురు పట్టిన రోజులు

ఎంత సర్దుకున్నా వాన మాట వినదు. జులై ముసుర్లు, అక్టోబరు, నవంబరు వాయుగుండాలు ఈ తీరానికి కొత్త కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఇళ్లన్నీ చీకట్లో ఉండిపోయాయి. అంత పెద్దవి రాకపోయినా, రెండు రోజుల ముసురుకే దండెం మీది యూనిఫాం ఆరదు. తడి సాక్సుతో బడికెళ్లిన పిల్లాడు సాయంత్రానికి తుమ్ముతూ వస్తాడు. వర్షాకాలం మొదలయ్యేముందే ఇంకో జత సాక్సు, వీలైతే ఇంకో జత యూనిఫాం కొనిపెట్టుకోవడం మందుల ఖర్చు కంటే చౌక. బడి నుంచి రాగానే బట్టలు ఉతికి ఫ్యాను కింద ఆరేస్తే పొద్దుటికి ఆరతాయి. తడిసిన బూట్లలో పాత పేపరు ఉండలు కుక్కితే నీరు పీల్చేస్తుంది. చదివేసిన ఈ పేజీ అందుకూ పనికొస్తుంది. టార్చిలైటు కూడా ఆ చిలక్కొయ్యల దగ్గరే ఉండాలి.

సెలవుల తర్వాత మొదటి ఉదయం ఇంకో ముసురు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. ఊరంతా చుట్టాలే. సంబరం అయిపోయాక పిల్లల నిద్ర, తిండి వేళలు దారికి రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. బడికి రెండు రోజుల ముందు నుంచే పక్కలు పెందరాళే వేయడం మొదలుపెడితే ఆ మొదటి రోజు ఏడుపులు తప్పుతాయి.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. సాధారణంగా ఏడుముప్పావుకే బడి గంట. అప్పటిదాకా తొమ్మిదింటికి వెళ్లే పిల్లాడికి ఒక్క రాత్రిలో గంటకు పైగా ముందుకు జరగమంటే ఒళ్లు వినదు. వారం ముందు నుంచి రోజూ పది నిమిషాలు ముందు పడుకోబెట్టి, పది నిమిషాలు ముందు లేపుతూ వస్తే నొప్పి తెలియదు. ఆ నెలలో సూర్యుడు ఎలాగూ తోడుంటాడు.

ఇవన్నీ సోమవారమే మొదలుపెట్టాలనుకుంటే బోల్తా పడతారు. ముందు చిలక్కొయ్యలు. అవి అలవాటయ్యాక రాత్రి సర్దుళ్లు. ఆ తర్వాత పడకల వేళ. మొదటి వారం ఎవరో ఒకరు ఏదో ఒకటి మరిచిపోతారు. క్యారేజీ అయితే తప్పదు, పట్టుకెళ్లి ఇవ్వాల్సిందే. స్కేలో, రంగు పెన్సిళ్ల డబ్బానో మరిచిపోతే మాత్రం స్కూటరేసుకుని బస్సు వెంట పడొద్దు. పిల్లాడు పక్కవాడిని అడిగి తీసుకుంటాడు, లేదా టీచరు చేత నాలుగు మాటలు పడతాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరూ చెప్పకుండానే ఆ గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లి కింద ఇంకో మాట రాసుకుంటాడు. స్కేలు.